నూట రెండు కిలోలు

ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. వీధిలో తారు మెత్తబడి చెప్పులకి అంటుకుంటోంది. మా వంటగదిలో నేను రెండు స్వెట్టర్లు వేసుకుని, కాళ్ళకి మేజోళ్ళు తొడుక్కుని, స్టవ్ మీద మరుగుతున్న నీళ్ళ గిన్నెకి అరచేతులు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. ఫ్యాను ఆపేశాను. కిటికీలు మూసేశాను. ఎనిమిదేళ్ళ నా కూతురు బుజ్జి గౌను అంచుతో మెడ తుడుచుకుంటూ, "అమ్మా, ఒక్క నిమిషం ఫ్యాను వేస్తానే, ఒక్కటే నిమిషం" అని బతిమాలుతోంది.

"వేశావంటే వీపు చిట్లగొడతా" అన్నాను. అది నోరు మూసుకుని గడప మీద కూర్చుంది.

నాకు చలి. ఏడు నెలలుగా ఇదే చలి. ఎవరికి చెప్పుకున్నా ఒకటే మాట. "బరువు తగ్గావు కదా, చలి ఎక్కువే వేస్తుంది, మామూలే." డాక్టరమ్మ కూడా నవ్వుతూ అదే చెప్పింది. ఒంట్లో కొవ్వు కంబళిలాంటిదట, అది కరిగిపోయింది కాబట్టి కొన్నాళ్ళు ఇలాగే ఉంటుందట, కాస్త కండ పట్టాక సర్దుకుంటుందట. రక్తం పరీక్ష చేయించింది, థైరాయిడ్ చూసింది. అన్నీ బాగున్నాయి, నేను తప్ప. "మామూలే" అనే మాట వింటే చాలు, అరికాలి మంట నెత్తికెక్కుతోంది నాకు.

ఇంకో రకం మనుషులున్నారు. పదేళ్ళు నన్ను చూసి ముసిముసిగా నవ్వుకుని, ఇప్పుడు చెయ్యి పట్టుకుని అడుగుతారు. "ఎలా తగ్గావు? ఆ చిట్కా ఏదో మాకూ చెప్పు." చిట్కా ఏమీ లేదు తల్లీ, తిండి దిగలేదు. ఎందుకు దిగలేదో చెబితే మీకూ దిగదు.

నేను పనిచేసేది ఒక కోల్డ్ స్టోరేజీలో. చేపలు, బఠాణీలు, మాంసం, ఏవి పెట్టినా రాయిలా గడ్డకట్టే గదులు. సున్నాకి పాతిక డిగ్రీలు కింద ఉంటుంది లోపల. పైన పెద్ద ఫ్యాన్లు గాలిని మొహం మీదికి తోస్తూనే ఉంటాయి. ఇరవై నిమిషాలు లోపల పనిచేస్తే పది నిమిషాలు బయట వెచ్చగదిలో కూర్చోవాలి. అది నియమం. నియమం గోడ మీద రాసుంది. గోడ మీద రాసినవన్నీ మా సూపర్‌వైజర్ గోడకే వదిలేశాడు.

పదేళ్ళ కిందట చేరిన మొదటి వారమే ఆయన నాకు పేరు పెట్టాడు. "నీకేమ్మా చలి? దుప్పటి కప్పుకునే పుట్టావు." అందరూ పగలబడి నవ్వారు. ఆ రోజు నుంచి నేను దుప్పటిని. పేరు పెట్టి ఊరుకుంటే సరిపోయేది. కానీ ఎవరికి చలేసినా, ఎవరికి జలుబు చేసినా, ఎవరికి నడుం పట్టినా, వాళ్ళ ఇరవై నిమిషాలు నా మీద పడేవి. "దుప్పటీ, ఈ రౌండు కూడా నువ్వే వెళ్ళు." నాకూ చలేస్తుందని ఒక్కడంటే ఒక్కడికి తట్టలేదు. లావుగా ఉన్న మనిషికి నొప్పి ఉండదు, ఆకలి తప్ప ఇంకేమీ ఉండదు అనుకుంటారు జనం.

నా జోడీ పుల్ల. ఆమెకీ పేరు పెట్టింది ఆయనే. బరువు ముప్పై ఎనిమిది కిలోలు, కోటు వేసుకుంటే కోటు ఒక్కటే నడిచొస్తున్నట్టుండేది. లోపలికి అడుగు పెట్టిన రెండో నిమిషానికి పళ్ళు కొట్టుకోవడం మొదలయ్యేది. టకటకటక... టకటకటక. ఆ చప్పుడు నా చెవుల్లో దూరి కూర్చునేది. నన్ను "అక్కా" అని పిలిచేది. దానికీ ఒక కూతురుంది, మా బుజ్జి చదివే బళ్ళోనే, బుజ్జి కంటే ఒక క్లాసు పైన. ఆ పిల్ల నన్ను "పెద్దమ్మా" అనేది. పుల్ల చెడ్డది కాదు. కానీ పదో నిమిషానికి "అక్కా, నా వల్ల కావట్లేదు, ఈ మిగిలినవి నువ్వు సర్దెయ్యవా" అనేది. రోజూ అనేది. నేను రోజూ సర్దేదాన్ని. రోజూ నా కడుపు మండేది.

ఇక్కడ మా గేటు గురించి చెప్పాలి. మనుషులు వెళ్ళే తలుపు బయట, గడపకి ఆనుకుని నేలలో ఒక ఇనుప పలక ఉంటుంది. అది కాటా. లోపలికి వెళ్ళేవాళ్ళంతా దాని మీద నిలబడాలి. కోట్ల బరువు అదే తీసేసి, ఎంత బరువు మనుషులు లోపలికి వెళ్ళారో పైన అంకె చూపిస్తుంది. బయటికి వచ్చేటప్పుడు కూడా అంతే బరువు దాని మీదికి రావాలి. వస్తేనే పచ్చ లైటు వెలిగి తలుపు తాళం పడుతుంది. తేడా వస్తే ఎర్ర లైటు, తలుపు మూసుకోదు. లోపల ఎవరూ ఉండిపోకుండా పెట్టిన ఏర్పాటు అది. సరుకు మాత్రం ఎప్పుడూ అటుపక్క బెల్టు మీదే పోవాలి, ఈ తలుపులోంచి రాకూడదు. గేటు దగ్గర కుర్చీ వేసుకుని తాత కూర్చుంటాడు, ఆ అంకెలు పుస్తకంలో రాస్తుంటాడు.

ఆ రోజు నేనూ పుల్లా కలిసి వెళ్ళాం. పైన నూట నలభై పడింది. నాది నూట రెండు, దానిది ముప్పై ఎనిమిది. అప్పటికి మధ్యాహ్నం ఒంటిగంటన్నర. తాత భోజనానికి లేచాడు.

అయిదు నిమిషాలు కూడా కాలేదు. పుల్ల నా దగ్గరికొచ్చింది.

"అక్కా, బడి నుంచి ఫోనొచ్చింది. పాపకి జొరమట. నేను వెళ్ళిపోతా. ఈ వరస నువ్వు..."

నిన్న నడుం నొప్పి. మొన్న కళ్ళు తిరిగాయి. ఇవాళ పాపకి జ్వరం. ఆ పొద్దున్నే సూపర్‌వైజర్ నాతో అప్పటికి నాలుగు రౌండ్లు చేయించాడు. వేళ్ళు నావి కానట్టున్నాయి. ఒళ్ళు మండిపోయింది.

"ఆగు" అన్నాను. "పది నిమిషాలు ఆగితే చచ్చిపోవు."

అది మొహం చిన్నబుచ్చుకుని వెనక వరసలోకి పోయింది. ఆ తర్వాత నేను చేసింది ఏడు నెలలుగా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. బఠాణీల పెట్టె ఒక్కోటి పందొమ్మిది కిలోలు. అది మా అందరికీ నోటికొచ్చిన లెక్క. రెండు పెట్టెలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఎత్తుకుని, వచ్చి పలక మీద నిలబడ్డాను. నూట నలభై. పచ్చ లైటు. తలుపు పడింది. పది నిమిషాలు దాన్ని లోపల ఉంచుదామనుకున్నాను. అంతే. ఒక్కసారి పూర్తిగా ఒక రౌండు చేస్తే తెలుస్తుంది, నేను రోజూ ఏం చేస్తున్నానో. తలుపు అవతల నుంచి తట్టిన చప్పుడు వినిపించింది. "అక్కా" అని కూడా వినిపించింది. వినిపించనట్టు నడిచాను.

లోపలి పిడి తిప్పితే తలుపు తెరుచుకోవాలి. ఆ పిడి విరిగి నాలుగు నెలలైంది. "రేపు చూద్దాం" అని సూపర్‌వైజర్ నాలుగు నెలలు అన్నాడు. ఆ సంగతి నాకు తెలియదా అంటే తెలుసు.

సరిగ్గా అప్పుడే రెండు లారీలు ఒకేసారి వచ్చాయి. "దుప్పటీ!" అని కేక. అటు పరుగెత్తాను. పెట్టెలు, మళ్ళీ పెట్టెలు, తిట్లు, మళ్ళీ పెట్టెలు. ఆ పూట ఆ గదిలోకి వెళ్ళే పని ఇంకెవరికీ పడలేదు. తాత భోంచేసి వచ్చి పచ్చ లైటు చూసి కునుకు తీశాడు. మూడున్నరకి గంట కొట్టారు. కోటు తీసి కొక్కేనికి తగిలించి, బుజ్జి కోసం బడికి వెళ్ళాను.

బడి మెట్ల మీద పుల్ల కూతురు ఒక్కతే కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా, మొహం వాడిపోయి. నన్ను చూసి లేచింది.

"పెద్దమ్మా, మా అమ్మ ఏది?"

అప్పుడు గుర్తొచ్చింది.

తలుపు తెరిచాక ఏం చూశామో నేను చెప్పను. తలుపుకి ఆనుకుని, మోకాళ్ళు గుండెలకి హత్తుకుని కూర్చుందని మాత్రం చెబుతాను. అందరూ గేటుని తిట్టారు. పిడిని తిట్టారు. పెట్టెలు ఆ తలుపులోంచి తేవడం పొరపాటేగానీ తొందర్లో అందరూ చేసేదే అన్నారు. "పాపం, దుప్పటి ఏం చేస్తుంది, పుల్ల ముందే వెళ్ళిపోయిందనుకుంది" అన్నారు. నేను తలూపాను. సూపర్‌వైజర్ ఆ సాయంత్రమే కొత్త పిడి పెట్టించాడు. దగ్గర నిలబడి మరీ పెట్టించాడు, మహానుభావుడు! ఆయన్ని చూస్తే ఇప్పటికీ నా పళ్ళు పటపటమంటాయి. ఆయనకంటే నువ్వేం మేలని మాత్రం నన్ను అడగకండి.

పుల్ల కూతుర్ని వాళ్ళ అమ్మమ్మ తీసుకెళ్ళిపోయింది. నాకు తిండి మానేయాలని లేదు, ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయేది. నెలకి ఆరేడు కిలోల చొప్పున దిగిపోయాను. ఆస్పత్రి కాటా మీద అరవై నాలుగుకి వచ్చి ఆగింది. అక్కడి నుంచి అటూ ఇటూ కదల్లేదు. నేను వేసుకునే ఏడో నంబరు కోటు, మా దగ్గరున్న అన్నిటికంటే పెద్దది, ఇక నాకు పనికిరాక కొక్కేనికే వేలాడుతోంది.

ఆ సంఘటన జరిగిన ఆరు నెలలకి గానీ కొత్త నియమం రాలేదు. ఒక్కొక్కరే పలక మీద నిలబడాలి, ఒక్కొక్కరి అంకె విడిగా రాయాలి. మొదటి రోజు నేను నిలబడ్డాను. తాత కళ్ళజోడు పైకెత్తి చూశాడు.

"నూట రెండు."

"కళ్ళు కనిపిస్తున్నాయా తాతా? నన్ను చూసి చెప్పు."

"నిన్ను చూస్తే ఎండుకొమ్మలా ఉన్నావు అమ్మాయ్. దీన్ని చూస్తే నూట రెండు ఉంది. నన్నేం చెయ్యమంటావు?"

కాటా పాడైందని రభస చేశాను. ఇనుప రాళ్ళు తెచ్చి పెట్టి చూశారు. గ్రాము తేడా లేదు. తాత ఎక్కాడు, సరిగ్గా ఉంది. సూపర్‌వైజర్ ఎక్కాడు, సరిగ్గా ఉంది. నేను ఎక్కాను. నూట రెండు. "కాటాక్కూడా నువ్వంటే అలవాటైపోయినట్టుంది" అని సూపర్‌వైజర్ జోకు వేశాడు. ఎవరూ నవ్వలేదు. నూట రెండులోంచి అరవై నాలుగు తీసేస్తే ఎంతో చెప్పడానికి వేళ్ళు అక్కర్లేదు. ఆ అంకె నాకు నిద్రలో కూడా వస్తుంది.

ఆ రోజు నుంచి ఇంట్లో చప్పుడు మొదలైంది.

ముందు వంటగదిలో. తర్వాత స్నానాల గదిలో. పట్టపగలు, వీధిలో కూరలబండి అరుపుల మధ్య. చిన్నగా... వీపు వెనక నుంచి...

టకటకటక.

"అమ్మా, పళ్ళు కొరక్కు" అంది బుజ్జి ఒకసారి.

"నేను కొరకట్లేదే."

అది నా మొహంలోకి చూసింది. తర్వాత నా భుజం మీదుగా వెనక్కి చూసింది.

నిజం చెప్పాలంటే అప్పటికి నాకు భయం కంటే కోపమే ఎక్కువ. బతికున్నన్నాళ్ళూ నా మీద వాలింది చాలదా? దాని రౌండ్లన్నీ నేను చెయ్యలేదా? పోయాక కూడా నా వీపే దొరికిందా దీనికి? ఒంటరిగా ఉన్నప్పుడు పైకే తిట్టేదాన్ని. "దిగవే! దిగు నా మీద నుంచి!" అని గోడకేసి వీపు రుద్దుకునేదాన్ని. మా ఆయన లారీ తోలుతూ నెలకి పాతిక రోజులు రోడ్డు మీదే ఉంటాడు, లేకపోతే నాకు పిచ్చెక్కిందని ఎప్పుడో పుట్టింట్లో దింపి వచ్చేవాడు.

నా ఒక్కదానికే అయితే భరించేదాన్నేమో. బుజ్జికి పుట్టినప్పటి నుంచీ నా పొట్ట మీద చెయ్యి వేసుకుని పడుకోవడం అలవాటు. "అమ్మ మెత్తగా, వెచ్చగా ఉంటుంది" అని అందరికీ చెప్పేది. నన్ను చూసి మురిసిపోయిన మనిషి ఈ లోకంలో అదొక్కతే. నేను చిక్కాక కూడా పాపం అలాగే హత్తుకుని పడుకునేది, వణుకుతూ. ఒకరోజు పొద్దున్న లేపబోతే దాని పెదాలు నీలంగా ఉన్నాయి. వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి. బయట అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. ఎంత రుద్దినా అరగంట దాకా దానికి మాట రాలేదు. తర్వాత మెల్లగా అంది.

"అమ్మా, మన మధ్యలో ఎవరు పడుకుంటున్నారు?"

ఆ రోజే నిర్ణయించుకున్నాను. నన్నేం చేసినా చేసుకోనీ. నా పిల్ల జోలికి వస్తే ఊరుకోను.

ఎలా వదిలించుకోవాలో నాకు తెలుసు. చిన్న లెక్కే. లోపలికి నూట రెండు వెళ్తుంది. అందులో నేను అరవై నాలుగు. నేనొక్కదాన్నే బయటికి వస్తే ఎర్ర లైటు వెలుగుతుంది, తలుపు తెరిచే ఉంటుంది, అది నా వెనకే వస్తుంది. కానీ అరవై నాలుగుకి ముప్పై ఎనిమిది కలిపి తెస్తే? పచ్చ లైటు. తలుపు పడుతుంది. అది లోపల ఉండిపోతుంది. ఒకసారి పని చేసిన లెక్కే కదా, రెండోసారి ఎందుకు చెయ్యదు? సిగ్గు లేకుండా అలాగే ఆలోచించాను.

మర్నాడు మధ్యాహ్నం మూడు కావస్తోంది. పుల్ల బదులు నాకు జోడీగా వేసిన పిల్ల సెలవు పెట్టింది. "పది నిమిషాల పని తాతా, నేనొక్కదాన్నే చేసుకొస్తా" అన్నాను. తాత గొణిగాడు గానీ అడ్డం రాలేదు. పలక మీద నిలబడ్డాను. నూట రెండు.

లోపల తెల్లటి ఆవిరి, ఫ్యాన్ల హోరు, గడ్డకట్టిన అట్టపెట్టెల వాసన. వరసల మధ్య నడుస్తూ గట్టిగానే మాట్లాడాను.

"వచ్చావుగా. ఇదిగో నీ గది. ఇక్కడే ఉండు. నా తప్పే, ఒప్పుకుంటున్నా. కానీ నా కూతురు నీకేం చేసింది?"

పళ్ళ చప్పుడు ఆగిపోయింది. ఏడు నెలల్లో మొదటిసారి నా వీపు తేలిగ్గా ఉంది. ఏదో దిగినట్టు... ఎవరో నా భుజాల మీద నుంచి చేతులు తీసినట్టు. ఆశ పుట్టింది. తాత కుర్చీలో కునుకుతుండగా గబగబా మొదటి పెట్టె ఎత్తుకెళ్ళి పలక మీద పెట్టాను. రెండో దాని కోసం వెనక్కి వచ్చాను. పెట్టె ఎత్తి, తిరిగాను.

ఆవిరిలో తలుపు దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు.

నా వైపు వీపు. తల మీదికి టోపీ లాక్కుని ఉంది. వెడల్పాటి వీపు... కోటు నిండా ఒళ్ళు. వీపు మీద ఎర్రటి అంకె. ఏడు. నా కోటు. నా వీపు. అద్దాల్లో, పెళ్ళి ఫోటోల్లో, షాపుల గాజు తలుపుల్లో ఏళ్ళ తరబడి నేను అసహ్యించుకున్న ఆ ఒళ్ళు... ఆ నడుం, ఆ మెడ మడత.

ఆమె కాలితో పలక మీది పెట్టెని పక్కకి నెట్టింది. తీరిగ్గా పలక ఎక్కింది.

నూట రెండు. పచ్చ లైటు.

"పుల్లా!" అని అరిచాను. "ఆగు... ఆగవే..."

ఆమె వెనక్కి తిరగలేదు. తలుపు పడింది.

పెట్టె వదిలేసి పరుగెత్తాను. కొత్త పిడి ఉంది కదా, ఉందని నాకు ధైర్యం. రెండు చేతులతో పట్టుకుని కిందికి లాగాను. మంచు పట్టి బిగుసుకుపోయింది. వేలాడాను. కదల్లేదు. నా పాత ఒళ్ళు ఉంటే ఒక్క ఊపుకి దిగేది. అరవై నాలుగు కిలోలు... చాలలేదు.

తలుపు బాదాను. తాతని పిలిచాను. అవతల నుంచి మాటలు వినిపించాయి. తాత నవ్వుతున్నాడు. ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. తర్వాత అడుగుల చప్పుడు, దూరంగా.

పది నిమిషాలు... ఇరవై... వేళ్ళు ముందు మండాయి, తర్వాత లేనట్టయ్యాయి. కూర్చోవాలనిపించింది. తలుపుకి ఆనుకుని, మోకాళ్ళు దగ్గరికి తీసుకుని... సరిగ్గా అక్కడే. అలా కూర్చుంటే కాస్త నయంగా ఉంటుందని అర్థమైంది. కూర్చోలేదు. బుజ్జి బడి వదిలే టైము అయింది. పుల్లకీ ఆఖర్న ఇదే తోచి ఉంటుంది.

పెట్టెలు కట్టే ప్లాస్టిక్ పట్టీ ఒకటి నేల మీద దొరికింది. పళ్ళతో పట్టుకుని, పనికిరాని వేళ్ళతో రెండు పెట్టెలకి చుట్టి, పిడికి తగిలించాను. వాటి మీద నేను వేలాడాను. పందొమ్మిది, పందొమ్మిది, అరవై నాలుగు. మంచు పగిలిన చప్పుడైంది. పిడి దిగింది.

బయటికి పడ్డ నన్ను చూసి తాత కుర్చీలోంచి లేచాడు. చేతిలో పుస్తకం జారిపోయింది.

"ఇందాకే కదా వెళ్ళావు! బడి టైము అయింది తాతా అన్నావు. మళ్ళీ ఒళ్ళు చేశావే, ఇప్పుడు బాగున్నావు అని కూడా అన్నాను... లోపలికి ఎప్పుడు పోయావు?"

నేను ఆగలేదు. కొక్కేల వరస దాటుతూ చూశాను. ఏడో కొక్కెం ఖాళీగా ఉంది.

బడి గేటు మూసేస్తోంది ఆయా. నన్ను చూసి ఆమె చెయ్యి తాళం మీదే ఆగిపోయింది.

"మీరా? ఇందాకే పాపని తీసుకెళ్ళారు కదమ్మా! మీరే... అంటే, అప్పట్లో మీరు ఎలా ఉండేవారో అలా. బుజ్జి ఎంత సంతోషపడిందో! మా పాత అమ్మ వచ్చింది అని గెంతుకుంటూ వచ్చి ఒళ్ళో దూరింది."

"ఏమైనా అందా? ఆమె ఏమైనా అందా?"

"ముందు ఇంకో పాపని అడిగారు. అదే, మీ స్నేహితురాలి కూతుర్ని. ఆ పాప మానేసి చాలా రోజులైందమ్మా అన్నాను. మీకు తెలుసు కదా అన్నాను." ఆయా కాస్త వెనక్కి జరిగింది. "చాలాసేపు ఆ మెట్ల మీదే చూస్తూ నిలబడ్డారు. తర్వాత... అయితే ఈ పాపే చాలు అన్నారు."

ఇల్లు చేరేదాకా ఎలా పరుగెత్తానో తెలియదు. ఎండ నెత్తి మాడుస్తోంది, నాకు పళ్ళు కొట్టుకుంటున్నాయి. తలుపు ఓరగా ఉంది. లోపల ఫ్యాను పూర్తి వేగంతో తిరుగుతోంది. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. బుజ్జి మంచం మీద ఒక పక్కగా పడుకుని ఉంది. బుగ్గలు ఎర్రగా, నుదుటి మీద చిరుచెమట, పెదాలు గులాబీ రంగులో. బతికే ఉంది. హాయిగా ఉంది. ఏడు నెలల్లో దాన్ని అంత హాయిగా నేను చూడలేదు. మంచం పట్టె పట్టుకుని వంగి దాని ఊపిరి చూశాను.

ఇల్లంతా వెతికాను. వంటగది, స్నానాల గది, తలుపుల వెనక. ఎవరూ లేరు. చేపల కత్తిపీట చేతిలో పట్టుకుని, "బయటికి రా! నాతో తేల్చుకో!" అని అరిచాను. మంచం కింద చూశాను. ఏమీ లేదు. వెళ్ళిపోయిందేమో అనుకున్నాను. దానికి కావలసిన ఒళ్ళు దానికి దొరికింది, పోనీ, తీసుకుని పోనీ. నాకు నా పిల్ల చాలు.

కత్తిపీట కింద పెట్టి, మంచం మీద బుజ్జి పక్కన ఒరిగాను. అది కళ్ళు తెరవకుండానే ముడుచుకుంది.

"అబ్బా, చల్లగా ఉన్నావు... ఇటు పడుకోకు."

"నేనేనే బుజ్జీ. అమ్మని."

"నువ్వు అటు పో. ఇది అమ్మ చోటు."

పక్కన పరుపు కేసి చూశాను. పరుపు లోతుగా దిగి ఉంది. చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. నేను చూస్తుండగానే... ఆ పల్లం ఇంకాస్త కిందికి దిగింది. బుజ్జి అటు దొర్లి, ఖాళీ మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి పరుపుకి జానెడు పైనే ఆగింది, దేన్నో పట్టుకుని, మెల్లగా పైకీ కిందికీ కదులుతూ.

గదిలో చప్పుడు మొదలైంది. టకటకటక. టకటకటక. ఈసారి నా వెనక నుంచి కాదు. నా నోట్లోంచి.

"బుజ్జీ" అన్నాను. మాట సరిగా రావట్లేదు. "చలేస్తోందమ్మా... నా వల్ల కావట్లేదు... కాస్త జరుగు. కాస్త చోటియ్యి."

బుజ్జి కళ్ళు మూసుకునే తల అటు తిప్పింది. ఎవరో చెవిలో చెబుతున్నది విన్నట్టు ఒక్క క్షణం ఆగింది. కిసుక్కున నవ్వింది.

"ఆగమంటోంది అమ్మ" అంది. "పది నిమిషాలు ఆగితే చచ్చిపోవట."